గిటార్ నోరు నొక్కిందెవరు?

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ఎలక్ట్రీషియన్ నాన్న. కుట్టు మిషన్ ముందు అమ్మ. బద్ధకంతో మంచం దిగని అన్నయ్య. నోరు మెదపదని అందరూ ‘ముంగి’ అని పిలిచే చిన్నమ్మాయి.

చచ్చింది మాత్రం ముంగి గిటార్.

సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్. చవగ్గా వచ్చింది. వంగిన నెక్‌ని ముంగే అలెన్ కీతో కొంచెం కొంచెం తిప్పి సరిచేసింది. నెక్ మీద వేళ్లు కోసే ఇనప పట్టీల, అదే ఫ్రెట్ల, అంచులు ఆకురాయితో అరగదీసింది. మరీ ఎత్తుగా ఉన్న తీగల్ని బ్రిడ్జ్ దగ్గర దించింది. పొద్దున గిటార్ గంటలా మోగింది.

ముంగి స్నానం చేసి వచ్చేసరికి మూగబోయింది.

నాలుగింటికి బ్యాండ్ ఆడిషన్. తప్పితే ఇంకో ఛాన్స్ లేదు.

శబ్దం పెంచే ఆంప్ చూసింది. బాగుంది. కేబుల్ మార్చింది. లాభం లేదు. గిటార్‌కి కేబుల్ గుచ్చే చోట జాక్ ప్లేట్‌కి రెండే స్క్రూలు. విప్పింది.

లోపల వైరు నున్నగా తెగి ఉంది. కొసకి నల్ల టేపు.

కత్తిరించారు!

ముందు అన్నయ్య దొరికాడు.

“గిటార్ ముట్టుకున్నావా?”

“ఆ డొక్కునా? ఛీ.”

“స్క్రూడ్రైవర్ ఎక్కడ?”

“నన్నడుగుతావేంటే? నేను బల్బు మార్చినా ఫ్యూజు పోతుందని అమ్మ నన్ను స్టూలే ఎక్కనివ్వదు!”

నిజమే.

“అమ్మా, నీ కత్తెర?”

“నా కత్తెర గుడ్డ తప్ప ఇంకేం కొయ్యదు. వైరు కోస్తే పదును పోదూ? పోవే, పనుంది.”

అదీ నిజమే.

ముంగి మళ్లీ ఆ కొస చూసింది. టేపు చుట్టు మీద చుట్టు. ఎక్కడా ముడత లేదు.

ముగ్గుర్నీ హాల్లోకి పిలిచింది. తెగిన కొస చూపించింది.

“పాడు చేసేవాళ్లు కోసి వదిలేస్తారు. ఈ వైరు చీమక్కూడా షాక్ కొట్టదు. దీనికి టేపెందుకు? తెగిన వైరు కనిపిస్తే చెయ్యి ఊరుకోని మనిషి ఈ ఇంట్లో ఒక్కరే.”

అమ్మ, అన్నయ్య నాన్న వైపు తిరిగారు.

నాన్న గోడ వైపు చూశాడు.

“చుట్టాలొస్తేనే తలుపు చాటుకి పోతావు. అంతమంది ముందు బిగుసుకుపోతే? నవ్వుతారు. నా కూతుర్ని చూసి నవ్వితే నేను తట్టుకోలేను.”

“నవ్వనీ నాన్నా. నవ్వేది నన్ను చూసి కదా. నేను తట్టుకుంటా.”

“నోట్లో నాలుక లేనిదానివి, నాకే ఎదురు చెప్తున్నావా?”

“గిటార్ ఉంది. అది చెప్తుంది.”

ముంగి నాన్న సోల్డరింగ్ ఐరనే తీసింది. ఆయన ఎదుటే కూర్చుని టేపు విప్పింది. వైరు అతికించింది. ప్లగ్ పెట్టి ఒక్క తీగ మీటింది. కిటికీ అద్దాలు అదిరాయి.

“అబ్బో!” అన్నాడు అన్నయ్య.

“గడప దాటావంటే తలుపేసేస్తా,” అన్నాడు నాన్న.

“వేసుకో.”

గిటార్ భుజాన వేసుకుంది. గడప దాటింది.

వెనక ధన్‌మని తలుపు పడింది.