ముత్యాలనాయుడి ఫలహారం

ముద్ద నాలుక మీద పడగానే ఉప్పు తక్కువైందని ఓబులమ్మకు తెలిసిపోయింది. తెలిసి చేసేదేముంది? మింగింది. మెడకు చుట్టిన గొంతుపట్టీలో పచ్చదీపం వెలిగింది. మైకు దగ్గరికి వంగి, "తృప్తి" అంది.

గోడకున్న మాటపెట్టెలు బదులు పలికాయి. ముందు ఎగువవాడ, తర్వాత నడిమివాడ, కాస్త ఆలస్యంగా, అందరికంటే గట్టిగా దిగువవాడ. "తృప్తి!" ఏ వాడలోని గోడచెవి ఆ వాడ అరుపును కొలిచి, తన కవాటం తాను తెరిచింది. గొట్టాల్లోంచి పోత గిన్నెల్లోకి జారసాగింది. గోడచెవికి మాటతో పనిలేదు, గట్టిగా వినిపిస్తే చాలు. మెల్లగా పలికిన వాడకు కవాటం ఆలస్యంగా తెరుచుకుంటుందని పాలుమరచిన పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఓబులమ్మ అన్న మాటకు అర్థమేమిటని ఎవరూ ఆలోచించరు. ఆమె నోరు మూసీ మూయకముందే అదే మాట పట్టుకుని గొంతు చించుకుంటారు.

ఊళ్ళో ఒక్కో పొద్దు ఒక్కో మహనీయుడి పేర ఫలహారం, ఆ పొద్దు వంతెనల వెంగళప్పది. రాతివంతెనలు కట్టిన మహానుభావుడు, పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేవాడు. కాబట్టి మిట్టపురమంతా ఉగ్గాని తింటోంది. తింటోందంటే, తల్లితొట్లలో పెరిగిన బూడిదరంగు పోతకు గారశాలవాళ్ళు ఉగ్గాని పూత పూస్తారు. ఇంకోనాడు రాణి గౌరసాని పొద్దయితే అదే పోతకు జొన్నరొట్టె, వెన్న పూత. మహనీయులు మారతారు, పోత మారదు. లెక్కల పండితుడు పినయార్యుడంటే ఊరందరికీ ఒళ్ళుమంట. ఆయన లెక్కలు ఎవరికి కావాలి? పొద్దున్నే ఉప్పులేని గంజి తాగిన మనిషిని ఎవరు మెచ్చుకుంటారు చెప్పండి!

ఊరి గోడ అవతల మొలక మొలవక ఓ తరం గడిచిపోయింది. నిజం ఉగ్గాని తిన్న నాలుకలు ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాటిలో ఓబులమ్మది ఒకటి. చిన్నప్పుడు వాళ్ళమ్మ బొరుగులు తడిపి, పిండి, తిరగమోత వేస్తుంటే పొయ్యి పక్కన కూర్చుని నోరూరించుకున్న పిల్ల. ఆ ఒక్క అర్హతతో మహనీయ ఫలహార శాఖలో తొలిముద్ద ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతో పాటు ఎగువవాడలో ఒక గది. కూతురు సుంకమ్మ మాత్రం పెళ్ళయ్యాక దిగువవాడలోనే ఉండిపోయింది. మొగుడు తొట్లు కడిగే పనిలో ఊపిరాడక పోయాడు. మూడు నెలల పసిబిడ్డ ఒళ్ళో ఉంది.

సాయంత్రం పూట ఇచ్చే పోతను శాఖవాళ్ళు ఆపేసినప్పటి నుంచీ ఓబులమ్మకు అన్నిటికంటే ఆ బిడ్డ మీదే బెంగ. పొద్దున వచ్చే గిన్నెడు పోత ఒక్కటే సుంకమ్మకు ఆధారం. ఆ గిన్నె వల్లే పాలు పడుతున్నాయి.

పట్టీ విప్పుకుని ఆమె గారశాలలోకి వెళ్ళింది. గారశాల పెద్ద హుస్సేనప్ప గాజుపలక కింద పెట్టిన దవడ ఎముక మీద వంగి ఉన్నాడు. మహనీయుల పళ్ళ మధ్య గట్టిపడిన గారను గీకి, అందులో ఇరుక్కున్న తిండి ఆనవాళ్ళు చదవడం ఆయన పని.

"ఎవురిదప్పా ఈ దవడ?" అంది ఓబులమ్మ.

"కరువుకాలం ముత్యాలనాయుడిది. మొన్న సమాధి తవ్వి తెచ్చినారు. రేపు పొద్దుకు ఈయప్పే."

ముత్యాలనాయుడంటే తెలియనివాళ్ళుండరు. పెద్ద కరువులో గాదెలు తెరిచిన దొర. ప్రజలు తినందే తాను ముద్ద ముట్టలేదని బడి పిల్లలందరూ వల్లెవేస్తారు.

"ఏమి తిన్న్యాడంట?"

హుస్సేనప్ప గాజుపలక ఆమె వైపు తిప్పాడు. "రాగిసంగటి. శెనక్కాయల ఊరుబిండి. బెల్లం. మాంసం గూడా ఉండాది. ఇదో, ఈ పసుపుపచ్చగా ఉండేది నెయ్యి. కరువులో పండ్ల సందులో నెయ్యి ఇరుక్కునేంత తిన్న్యాడమ్మా దొర!"

ఓబులమ్మకు నవ్వొచ్చింది, వెంటనే సంతోషం కూడా వేసింది. దొర దొంగ అయితే అయ్యాడు, రేపు దిగువవాడకు సంగటి, నెయ్యి. నియమం ప్రకారం మహనీయుడు తిన్నదంతా పెట్టాలి. సుంకమ్మకు గిన్నె నిండుతుంది.

"నవ్వద్దు" అన్నాడు హుస్సేనప్ప. "పైన సార్ పిలుస్తాండాడు. ఇద్దర్నీ."

శాఖాధికారి శేషఫణి ఓబులమ్మ కంటే చిన్నవాడు. అక్కా అని పిలుస్తాడు. మంచివాడని పేరు. ఆ రోజు కుర్చీలో కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"నాయుడి ఫలహారం తేలిపోయింది. వేడినీళ్ళు" అన్నాడు.

హుస్సేనప్ప దగ్గాడు. "సార్, గారలో నెయ్యి..."

"ఆయన పొద్దున్నే వేడినీళ్ళు తాగలేదని నీ గార చెప్తుందా?"

"నీళ్ళు గారలో ఆనవు సార్."

"ఆనవు కదా. తాగలేదని తేలలేదు. తాగినాడని రాయి."

ఓబులమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత రెండో నియమం గుర్తొచ్చింది. మహనీయుడు తిన్నదానికంటే గరిటెడు ఎక్కువ పెట్టకూడదన్నది కూడా నియమమే. "రేపు ఊరందరికీ వేడినీళ్ళా సార్?"

"రేపే కాదక్కా." శేషఫణి గొంతు తగ్గించాడు. "తల్లితొట్లు చచ్చిపోయినాయి. అన్నీ. బూజు లోపలికంటా దిగింది. కొత్త విత్తు ఎక్కడా లేదు. నిలవున్న పోతను ఎగువవాడకు మాత్రం చాటుగా పెడితే ఓ నెలా రెండు నెలలు వస్తాది. అందరికీ పంచితే వారం గూడా నిలవదు. ఇంక ప్రతి పొద్దూ నాయుడిదే."

"జనానికి చెప్పరా?"

"చెప్తే ఏమైతాదో తెలీదా నీకు? పైకెక్కి వస్తారు, ఒకర్నొకరు తొక్కుకొని సస్తారు. ఇట్లయితే..." మాట కోసం వెతుక్కున్నాడు. "ఇట్లయితే మర్యాదగా ఉంటాది. గొప్పాయన తాగిందే మేమూ తాగుతాండామని నమ్మకంతో ఉంటారు."

నమ్మకంతో పోతారు అనడానికి నోరు రాలేదు పాపం. హుస్సేనప్ప తలొంచుకున్నాడు. ఆయనకూ ఎగువవాడలో పెళ్ళాం, అత్తగారు ఉన్నారు.

"సుంకమ్మను పైకి తెప్పించుకో అక్కా" అన్నాడు శేషఫణి. "బిడ్డను గూడా. చీటీ నేనిస్తా. రేపు నువ్వు నీళ్ళు మింగి ఆ ఒక్క మాట అను, చాలు. నీ గొంతు కాకుండా వేరే గొంతు వినబడితే జనానికి అనుమానం వస్తాది."

ఓబులమ్మ సరేనంది. ఎవరేమనుకున్నా సరే, ఆ క్షణాన ఆమెకు వాడల గోడు పట్టలేదు. బిడ్డ బతుకుతుందన్నంతవరకే వినిపించింది. దేవుడా, బిడ్డ బతుకుతుంది! మెట్లు దిగుతూ ఏడ్చింది కూడా.

మధ్యాహ్నం మాటగదికి వెళ్ళింది. ఎగువవాడ నుంచి దిగువవాడకు మాట్లాడాలంటే అక్కడినుంచే. పక్కన వినికిడి గుమాస్తా కూర్చుని ఉంటాడు. పోత గురించో, తొట్ల గురించో ఒక్క మాట దొర్లితే తీగ తెంపేస్తాడు.

"అమ్మా!" సుంకమ్మ గొంతు హుషారుగా ఉంది. "రేపు ముత్యాలనాయుడంట కదా! మా వీధంతా అదే గోల. నెయ్యి ఉంటాదని లచ్చుమక్క పందెం కాస్తాంది. అంత దొర, నెయ్యి లేకుండా తింటాడా? గిన్నెలు తోముకొని పెట్టుకున్న్యాం. ఏముంటాది మా, జెప్పు!"

ఓబులమ్మ పక్కకు చూసింది. గుమాస్తా వేలు తీగ మీద ఉంది.

"అదట్ల పెట్టు. నువ్వు బిడ్డనెత్తుకొని పైకి రా. ఈ సాయంత్రమే. చీటీ పంపిస్తా."

"నేనా? పైకా?" అంది సుంకమ్మ. "ఈరమ్మ బిడ్డను గూడా తెచ్చుకోనా?"

ఈరమ్మ పక్కింటి పిల్ల. కాన్పులో పోయింది. ఆమె బిడ్డకు కూడా సుంకమ్మే పాలిస్తోంది. ఓబులమ్మకు ఆ సంగతి తెలుసు, కానీ మరిచిపోయింది. నిజం చెప్పాలంటే మరిచిపోవాలనుకుంది.

"చీటీలో ఒగ తల్లికి ఒగ బిడ్డేనే."

"అట్లయితే ఎట్ల మా? ఈ పిల్లకు ఎవురున్న్యారు? నేనొచ్చేస్తే రెండు దినాల్లో ఆరిపోతాది."

"సుంకూ, నా మాట విను. వచ్చేసెయ్. ఎందుకని అడగొద్దు."

"ఎందుకు రావల్లో చెప్పకుండా రమ్మంటే ఎట్ల? ఏమన్నా ఆపదా?"

గుమాస్తా తల ఎత్తి చూశాడు. ఓబులమ్మ పెదవి కొరుక్కుంది.

"ఆపదేమీ లేదు" అంది.

"మరింకేమి! పొద్దున పోత వస్తాంది, పాలు పడ్తాండాయి. ఇద్దరూ తాగి బజ్జుంటాండారు. నువ్వేమీ బెంగ పెట్టుకోవద్దు మా. రేపు నీ గొంతు వినబడినప్పుడు అందరికంటే గట్టిగా నేనే అరుస్తా, చూడు." నవ్వి పెట్టేసింది.

ఓబులమ్మ శేషఫణి గదికి పరుగెత్తింది. ఇంకో బిడ్డకు కూడా చీటీ ఇమ్మని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఆయన వినలేదు. ఒక్క బిడ్డకిస్తే వాడలోని పిల్లలందరికీ ఇవ్వాల్సి వస్తుందన్నాడు, ఆ మాటలో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. తానే దిగువవాడకు దిగి వెళ్ళి చెప్తానంటే, తొలిముద్ద మనిషి ఎగువవాడ గడప దాటరాదని మెట్ల దగ్గర కాపలావాళ్ళు ఆపేశారు. ఎప్పటినుంచో ఉన్న నియమమే. తలుపుకు గడియ మాత్రం కొత్తగా వేశారు.

తెల్లవారింది. హుస్సేనప్ప గొంతుపట్టీ తెచ్చి ఆమె మెడకు చుట్టాడు. శేషఫణి ఎప్పుడూ రానివాడు ఆ పొద్దు వచ్చి మైకు పక్కన నిలబడ్డాడు. ముత్యాలనాయుడి చరిత్ర తానే చదివాడు. ప్రజలు తినందే ముద్ద ముట్టని త్యాగమూర్తి, పొద్దున్నే గిన్నెడు వేడినీళ్ళతో గడిపిన మహానుభావుడు. బాగానే చదివాడు, కళ్ళు చెమ్మగిల్లేలా.

మాటపెట్టెల్లోంచి దిగువవాడ అలికిడి వినిపిస్తోంది. గిన్నెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. ఎవరో ఆడమనిషి గట్టిగా, "నీళ్ళా? నీళ్ళేంది?" అంటోంది. ఇంకెవరో సర్దిచెప్తున్నారు, ముందు నీళ్ళు, వెనకాల సంగటి వస్తాదిలే అని. ఎంత వెర్రి జనం! ఎంత మంచి జనం! ఆ గుంపులో ఎక్కడో సుంకమ్మ, రెండు చంకల్లో ఇద్దరు పసిబిడ్డలతో, అందరికంటే గట్టిగా అరవడానికి ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటుంది.

గిన్నె ఎత్తింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మింగింది. పచ్చదీపం వెలిగింది.

మైకు దగ్గరికి వంగింది. శేషఫణి తల ఆడించాడు, అను అన్నట్టు.

"ఆకలి" అంది ఓబులమ్మ.

ఆయన చెయ్యి మైకు మీదికి వచ్చేలోగానే ఎగువవాడ బదులిచ్చేసింది. "ఆకలి!" వెనకాలే నడిమివాడ. "ఆకలి!" ఇన్నేళ్ళ అలవాటు, ఆమె అన్నది తిరిగి అనడమే వాళ్ళకు తెలుసు. ఆఖరున దిగువవాడ. మాటపెట్టె పగిలిపోతుందా అనిపించేలా, వేల గొంతులతో, "ఆకలి!"

తర్వాత అంతా ఆగిపోయింది. తామేమన్నారో తమ చెవులకే అప్పుడు తగిలినట్టుంది. గోడచెవులు అరుపు బలం చూసుకుని ఎప్పటిలాగే కవాటాలు తెరిచాయి. గొట్టాల్లోంచి నీళ్ళు కారాయి. గిన్నె పట్టిన చప్పుడు ఒక్కటీ లేదు. నీళ్ళు రాతినేల మీద పడుతున్న శబ్దమే మూడు వాడల నుంచీ వచ్చింది. అందులోంచి ఒక గొంతు, ఎవరిదో తెలియదు, మళ్ళీ అంది, "ఆకలి." ఈసారి ఎవరూ అనమనలేదు. ఇంకో గొంతు కలిసింది. ఇంకోటి. ఇంక ఆగలేదు.

"ఏం పని చేసినావక్కా!" శేషఫణి ముఖం పాలిపోయింది. "నీకు చీటీ ఇచ్చినా గదా! నీ బిడ్డకు ఏమి తక్కువ చేసినా?"

"నా బిడ్డకే చెప్పినా సార్. ఇంగో దోవ యాడుంది?"

"పైకొస్తారు ఇప్పుడు. అందరూ వస్తారు."

"వస్తారు."

"వస్తే ఏం పెడతాం? వారానికి గూడా చాలదని చెప్పినా కదా!"

"ఉన్నది పెట్టండి. వారమంటే వారం. ఆ వారం నా బిడ్డ ఇద్దరికీ పాలిస్తాది." ఓబులమ్మ పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. "ఆ తర్వాత ఏమైతాదో నాకు తెలీదు సార్. మీకూ తెలీదు."

శేషఫణి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాపలావాళ్ళను పిలవాలి. పిలవలేదు. కింద మెట్ల తలుపును ఎవరో బాదుతున్నారు. ముందు ఒక చెయ్యి, తర్వాత చాలా చేతులు.

తలుపు దగ్గర కాపలావాళ్ళు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారు. హుస్సేనప్ప మెట్లు దిగి, వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి గడియ తీశాడు.