ఇంట్లో తోడెవరు?

ఆపరేషన్ థియేటర్‌లో నా కుర్చీ ఓ మూలన ఉంటుంది. రోగి బల్ల మీద, రోబో చేతులు ఆయన మీద. సర్జన్ని నేను, దూరంగా ఆ రోబోని నడిపే కన్సోల్‌లో తలదూర్చి కూర్చుంటాను. నా వేళ్ళు ఎటు కదిలితే ఆ ఇనుప చేతులు అటు కదుల్తాయి. కంటికి అన్నీ పదింతలు కనిపిస్తాయి గానీ చేతికి ఏదీ తగలదు. మెత్తన, గట్టి, వేడి, చల్లన... ఏమీ తెలియవు. అలవాటైపోయింది. ఇంట్లోనూ అంతేగా.

ఆ పొద్దున వచ్చిన పెద్దాయన గడియారాలు బాగుచేసేవాడు. క్లోమంలో క్యాన్సర్ గడ్డ. నా అన్నవాళ్ళు ఒక్కరూ వెంట రాలేదు.

"మీ ఇంట్లో ఎవరెవరున్నారమ్మా?" అన్నాడు బల్ల ఎక్కుతూ.

"నేనూ, ఫ్రిజ్జూ."

నవ్వాడు. "అయితే మనం ఒక తానులో ముక్కలమే. మత్తెక్కేదాకా కాస్త నా చెయ్యి పట్టుకుంటారా?"

"నా పని అటువైపండీ" అని తప్పించుకున్నాను.

లైట్లు తగ్గించారు. మిషన్ సన్నగా మూలుగుతోంది. కాలిన కొవ్వు వాసన. గడ్డని ఆనుకునే పెద్ద రక్తనాళం ఉంది. అది చిరిగితే మనిషి దక్కడు. గడ్డని మెల్లగా లేపి, ఇక లాగబోయాను.

నా ఎడమచేతి వేళ్ళు ఎవరో పట్టుకున్నారు.

చల్లగా... గట్టిగా... లాగలేకపోయాను. కళ్ళు చికిలించి చూశాను. గడ్డ కింద వెంట్రుకంత రక్తనాళం, పెద్దదానికి అతుక్కుని, సాగి ఉంది. లాగి ఉంటే రెండూ చిరిగేవి.

మైకులో గుసగుసగా అడిగాను. "సిస్టర్... నా పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు మేడమ్. అందరం పేషెంటు దగ్గరే ఉన్నాం."

తల ఎత్తే ధైర్యం లేకపోయింది. ఆ సన్నటిదానికి క్లిప్ వేశాకే పట్టు సడలింది. గడ్డ మొత్తం బయటికొచ్చింది.

సాయంత్రం ఐసీయూలో పెద్దాయన కళ్ళు తెరిచాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నా చెయ్యి పట్టుకున్నావిడ ఎవరమ్మా?" అన్నాడు పీలగా. "మంచుగడ్డే ఆ చెయ్యి."

"మత్తులో అలా అనిపిస్తుందండీ."

"మీ గురించే అడిగింది. డాక్టరమ్మకి ఇంట్లో తోడెవరని..."

"మీరేమన్నారు?"

"ఉన్నమాటే చెప్పాను, ఎవరూ లేరని. తప్పామ్మా?"

చీకటి పడుతుండగా ఇల్లు చేరాను. పొద్దున లైట్లన్నీ ఆర్పి వెళ్ళాను. ఇప్పుడు కిటికీలో వెలుతురు. వంటింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

నాకోసం ఒకరు ఎదురుచూస్తున్నారని ఒక్క క్షణం సంతోషం వేసింది. నా భయమంతా ఆ సంతోషాన్ని చూసే.

బ్యాగులో తాళంచెవి వెతుకుతున్నాను. చప్పుడు ఆగింది... అడుగులు దగ్గరికొచ్చాయి...

తలుపుకి బయట నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపలినుంచి ఎవరో గడియ తీశారు.