అంగీ మీది వాసన

ఆదివారం పొద్దున. కొత్తగూడ పాత ఊరి గల్లీలో నీలమ్మ వాకిలి కడిగి ముగ్గు వేసింది. పైఅంతస్తులో కిరాయికుండే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇంకా లేవలేదు. ఫ్లైఓవర్ మీద బండ్ల మోత కూడా పల్చగా ఉంది. మొగిలి అప్పటికే ముందు గదిలో కుర్చీలో కూర్చున్నాడు. తెల్ల అంగీ, కొత్త ధోవతి. భార్య కూర్చోమన్నది, కూర్చున్నాడు.

"వాళ్ళు పోయేదాక లెవ్వకు," అన్నది నీలమ్మ. "దండం గూడ కూసునే పెట్టు. మోకాళ్ళ నొప్పులని నేను చెప్త."

మొగిలి తల ఊపాడు.

"ఏం గావాలన్నా నన్ను పిలువు. నువ్వు లేసినవో, సంబంధం పోయినట్టే."

మళ్ళీ తల ఊపాడు. బాలానగర్‌లో లేత్ మిషన్ దగ్గర నిలబడి బతికిన మనిషి. మిషన్ మోతలో మాట్లాడే పని లేదు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు.

"ఒకవేళ వాళ్ళు కనిపెడితే?" అన్నాడు చివరికి.

"ఎప్పుడు చెప్పేదే చెప్త," అన్నది నీలమ్మ, అతని వైపు చూడకుండా.

గేటు ముందు స్కూటీ ఆగింది. యశస్విని దిగింది. ఒక్కతే కూతురు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. జీవకణాలు, జన్యువులు, వాటి వల్ల వచ్చే నరాల జబ్బులు ఆమె చదువు. చూసేవాళ్ళకు మాత్రం ఆమె గాజుగొట్టాల్లో ఈగలు పెంచే మనిషి. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు. వాటికి ఆదివారం లేదు, పండుగ లేదు. గల్లీలో పిల్లలు ఆమెను ఈగల మేడం అంటారు.

"పెండ్లిసూపులు పెట్టుకొని ఈగల కాడికి పోయిన పిల్లను నిన్నే చూస్తున్న," అన్నది తల్లి. "పో, తానం చెయ్యి. మీద కల్లు వాసన కొడుతుంది."

"కల్లు గాదమ్మా. బెల్లం, మక్కపిండి, ఈస్టు. ఈగల బువ్వ."

"ఏదైతేంది, వాసన అదే. నాయిన అట్ల, బిడ్డ ఇట్ల..."

అనేసి నీలమ్మ నాలుక కరుచుకుంది. మొగిలి కిటికీలోంచి బయటికి చూశాడు. యశస్విని తండ్రి అంగీ కాలరు సరిచేసి లోపలికి పోయింది.

మొగిలి నడిస్తే తూలుతాడు. కాళ్ళు ఎడంగా వేసి గోడ ఊతంతో నడుస్తాడు. చాయ్ గ్లాసు అందుకోబోతే చెయ్యి పక్కకు పోతుంది. మాట ముద్దగా వస్తుంది. తాగి తాగి ఇట్లా అయ్యాడని గల్లీ అంతా అనుకుంటుంది. కాదని అతను ఎన్నడూ అనలేదు. రెండేళ్ళ కింద యశస్విని ఒకసారి, "నాయినా, పరీక్షకు నీ రక్తం జరంత కావాలె," అన్నది. అతను లేచి బయటికి పోయాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

పదకొండింటికి వాళ్ళు వచ్చారు. పిల్లవాడు ప్రశాంత్‌ది హైటెక్ సిటీలో ఉద్యోగం. యశస్విని, అతను ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇక మిగిలింది పెద్దవాళ్ళ మాట. తండ్రి ఓబులేసు కడప నుంచి వచ్చి బాచుపల్లిలో ప్లాట్ల వ్యాపారం పెట్టుకున్నాడు. తల్లి పద్మావతి. మొగిలి కూర్చునే దండం పెట్టాడు. నీలమ్మ మోకాళ్ళ సంగతి చెప్పింది.

"మాకూ అదే రోగం లేమ్మా," అన్నాడు ఓబులేసు కూర్చుంటూ. "ఏమ్మా యశస్వినీ, ఈగల మీద పరిశోధనంట. మనిషికీ ఈగకూ ఏం పొత్తు? నాకేం అర్థం కాలే."

"చాలా పొత్తుంది అంకుల్. మనుషులకు జబ్బులు తెచ్చే జీన్లు చాలావరకు ఈగల్లో కూడా ఉంటాయి. మనిషిలో ముప్పై ఏళ్ళు చూడాల్సింది ఈగలో నెలలో చూడొచ్చు."

"అట్లయితే మా ఆయప్పను కూడా ఒక గొట్టంలో వేసి చూడు," అన్నది పద్మావతి. "ఆ ప్లాట్ల పిచ్చి ఏ జీన్లో ఉండాదో."

అందరూ నవ్వారు. ప్రశాంత్ మరీ ఎక్కువ నవ్వాడు. నీలమ్మకు గుండె కుదుటపడింది. చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. యశస్విని కప్పులు సర్దడానికి వెనకే పోయింది.

ఇంతలో పద్మావతికి తింటున్న మురుకు గొంతులో అడ్డం పడింది. దగ్గు ఆగలేదు. కండ్ల నీళ్ళు వచ్చాయి. ఓబులేసు వీపు నిమిరాడు. ప్రశాంత్ నీళ్ళ కోసం అటూ ఇటూ చూశాడు. మొగిలికి భార్య చెప్పింది గుర్తు రాలేదు. తన ఇంటికొచ్చిన ఆడమనిషికి పొలమారింది. లేచాడు. మూలన ఉన్న బిందె దాకా పోయాడు. చెంబు ముంచాడు. తిరిగేటప్పుడు కాలు ఎటో పడింది. చెంబు ఎగిరి పద్మావతి కాళ్ళ దగ్గర పడింది, మొగిలి గోడకు కొట్టుకొని కింద కూలబడ్డాడు.

ప్రశాంత్ లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. పద్మావతి దగ్గు ఆగింది. చీర కుచ్చిళ్ళు తడిశాయి.

"ఏం సార్, ఒంట్లో బాగలేదా?" అన్నాడు ఓబులేసు. తూలడం అతను చూశాడు. అది మోకాళ్ళ నొప్పి కాదు.

నీలమ్మ గడపలో నిలబడి ఉంది. చాయ్ పళ్ళెం కింద పెట్టింది.

"ఏం జెయ్యాలన్నా. అలవాటు. ఇయ్యాల గూడ జరంత పడ్డట్టుంది. బిడ్డ పెండ్లి అయితే బంద్ జేస్తనన్నడు."

పద్మావతి ముఖం మారిపోయింది. మొగిలి తల దించుకున్నాడు. ఆ మాట మోయడం అతనికి కొత్త కాదు.

"అమ్మా, చాలు," అన్నది యశస్విని.

"నువ్వు నోరు ముయ్యి."

"ముయ్య. ఇన్నేండ్లు మూసిన." ఆమె పద్మావతి వైపు తిరిగింది. "ఆంటీ, మా నాయిన ఒక్క చుక్క తాగడు. ఇది జబ్బు. తల వెనకాల చిన్న మెదడుంటది. దాంట్ల కణాలు మెల్లమెల్లగ చచ్చిపోతయి. అందుకే తూలుతడు. మా తాతకు ఉండె. మా మేనత్త కమలమ్మకు ఉండె. నాకు రావొచ్చు, రాకపోవచ్చు. సగం సగం. ప్రశాంత్‌కు మొదట్లనే చెప్పిన. మీకు ఇయ్యాల చెప్పాలనే ఉన్న."

ఓబులేసు కొడుకు వైపు చూశాడు. కొడుకు అవునని తల ఊపాడు. ఓబులేసు లేచాడు.

"మాట్లాడుకొని చెప్తాంలేమ్మా," అన్నాడు. చాయ్ ఎవరూ తాగలేదు.

కారు గల్లీ దాటింది. మొగిలి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"నిన్ను ఎవరడిగిండ్రు?" అన్నాడు. గొంతు పెద్దది చేసి అతను కూతురితో మాట్లాడడం అదే మొదలు. "ఎవరడిగిండ్రు చెప్పుమని? ఇన్నేండ్లు నేను మోసింది ఒక్క మాటతోని కింద పడేస్తివి గదా."

"నువ్వెందుకు మోయాలె నాయినా?"

"నీకోసం. ఇంకెవరికోసం?" అతని మాట మరింత ముద్దయింది. "మా అక్కకు లగ్గం కుదిరింది. పందిరి గూడ ఏసినం. ఎవడో పోయి చెప్పిండు, వాళ్ళ నాయినకు కాళ్ళు పడిపోయే బీమారి, పిల్లకు గూడ వస్తదని. పెండ్లోళ్ళు తొవ్వలనే బండ్లు మలుపుకొని పోయిండ్రు. అప్పటికి అక్కకు ఏం లేదు. మంచిగనే ఉరుకుతుండె. మళ్ళ ఎవ్వడు అడగలే. నాకు కాళ్ళు తూలుడు మొదలైనప్పుడు నువ్వు తొట్టెల్ల ఉన్న పసిపిల్లవు. తాగుబోతు బిడ్డను చేసుకునెటోళ్ళు ఉంటరు. బీమారోని బిడ్డను ఎవరు చేసుకుంటరు?"

అతను ఆగాడు. నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"డ్యూటీ అయినంక కల్లు కాంపౌండుకు పోయేటోన్ని. ఒక సీస కొని అంగీ మీద పోసుకునేటోన్ని. గల్లీల నలుగురి ముంగట నుంచి నడిచి వచ్చేటోన్ని. మీ అమ్మ పిండేది."

"ఎన్ని అంగీలు పిండిన్నో బిడ్డా," అన్నది నీలమ్మ.

యశస్విని తండ్రి ముందు నేల మీద కూర్చున్నది.

"నాకు ఎరుకే నాయినా. ఎమ్మెస్సీల ఉన్నప్పుడు క్లాసుల వీడియో ఏసిండ్రు. ఎవరో తెల్లాయన దవాఖానల నడుస్తున్నడు. గోడ పట్టుకొని, కాళ్ళు ఎడంగ. అచ్చం నీ నడక. ఆ దినం ఇంటికొచ్చి నీ పక్కపొంటి కూసున్న. నీ నోట్ల వాసన లేదు. అంగీకే ఉంది. అప్పటిసంది ఆ ఒక్కటే చదువుతున్న. కంపెనీలోళ్ళు పిలిచినా ఎందుకు పోలే అనుకున్నవ్?"

మొగిలి తన అంగీ వైపు చూసుకున్నాడు.

"నాతోని ఒక్కసారి వస్తవా? నేను ఏం జేస్తనో చూద్దువు."

స్కూటీ మీద అతను కూర్చోలేడు. ఆటోలో పోయారు. కొండాపూర్ దాటి, అద్దాల బిల్డింగులు దాటి, యూనివర్సిటీ చెట్లలోకి పోయింది ఆటో. ఆదివారం కాబట్టి ల్యాబులో ఎవరూ లేరు. తలుపు తీయగానే మొగిలి ఆగిపోయాడు. లోపలంతా కల్లు కాంపౌండు వాసన. ఆమె అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టింది. మూడు గాజుగొట్టాలు తెచ్చింది. మూతికి దూది బిరడాలు. లోపల నువ్వుగింజలంత ఈగలు.

మొదటి గొట్టాన్ని బల్ల మీద టకటక కొట్టింది. ఈగలన్నీ అడుగుకు పడ్డాయి. పడ్డవి పడ్డట్టే గోడ పట్టుకొని బిరబిర పైకి ఎక్కాయి.

"ఇవి మంచియి," అన్నది.

రెండో గొట్టం కొట్టింది. ఇవీ పడ్డాయి. లేవబోయాయి. ఒకటి రెండడుగులు వేసి పక్కకు ఒరిగింది. ఇంకొకటి ఎక్కి, జారి, వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంది. మొగిలి ముందుకు వంగాడు. చాలాసేపు చూశాడు.

"వీటికేమన్న తాపినవా?"

"లేదు నాయినా. ఇవి తాగలే."

మొగిలి గాజు మీద వేలు పెట్టబోయాడు. వేలు తప్పి బల్ల మీద పడింది. మళ్ళీ పెట్టాడు. వెల్లకిలా పడ్డ ఈగ అతని వేలికి అవతల కాళ్ళు కొట్టుకుంటూనే ఉంది.

"మా అక్క గిట్లనే పడేది," అన్నాడు. "నవ్వేటోళ్ళు."

మళ్ళీ అడిగాడు. "వీటికి ఎట్లొచ్చింది?"

"నేనే పెట్టిన. ఇసోంటి బీమారి ఉన్న మనుషుల జీను."

"నాయిన బీమారి తీసి ఈగకు పెట్టినవా?"

"నీ మీద పరీక్షలు చెయ్యలేను గదా."

అతని ముఖంలో నవ్వు లాంటిది వచ్చింది. ఆమె మూడో గొట్టం తీసింది. "వీటికి గూడ అదే బీమారి. కని ఇంకో జీను మార్చిన." కొట్టింది. ఈగలు పడ్డాయి. తడబడుతూ లేచాయి. గోడ పట్టుకున్నాయి. సగం దాకా ఎక్కి, అక్కడ గట్టిగా పట్టుకొని నిలబడ్డాయి.

"మందు దొరికిందా?"

"లేదు. మనిషి దాక రావాలంటే శానా ఏండ్లు. నీకు అందుతదని అబద్ధం చెప్ప."

"ఎక్కినయి గదా," అన్నాడు మొగిలి. "మళ్ళ కొట్టు."

కొట్టింది. మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ కొట్టింది. చిన్నపిల్లవాడి లాగా చూశాడు.

"రక్తం అడిగినవ్ అప్పుడు," అన్నాడు. "ఎందుకు?"

"ఈ బీమారి శానా రకాలు. నీది ఏ రకమో తెలుస్తది."

"నీది చూపించుకున్నవా?"

ఆమె గొట్టాలను పెట్టెలో సర్దింది. ఒకటి సర్దింది, తీసింది, మళ్ళీ సర్దింది.

"లేదు."

"ఇంత చదివినవ్. ఎందుకు చూపించుకోలే?"

"భయమైతుంది నాయినా."

పొద్దున అందరి ముందు జబ్బు గురించి ధైర్యంగా చెప్పిన పిల్ల ఏడ్చింది. మొగిలి చెయ్యి చాచాడు. అది ఆమె భుజం పక్కనుంచి పోయింది. రెండోసారి దొరికింది. తల మీద పెట్టాడు, అక్కడే ఉంచాడు.

"రేపు దవాఖానకు పోదం. ముందు నాది తియ్యమను. నీది నీకు ధైర్యం వచ్చిననాడు. నేను పక్కకే కూసుంట."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఫోను మోగింది. నీలమ్మ. యశస్విని స్పీకరు పెట్టింది.

"ప్రశాంత్ వాళ్ళ అమ్మ ఫోన్ జేసింది బిడ్డా! ఆమె తమ్ముడు తాగి తాగే పోయిండంట. తాగే ఇల్లని నేనన్నప్పుడే లేసి పోదామనుకుందంట. బీమారంటే భయమే, లేదనను, కని పిల్ల దాచలే అన్నది. వచ్చే ఆదివారం మళ్ళొస్తరంట. అన్నతోని మాట్లాడాలె, నాకు నీళ్ళు తేబోయే గదా పడ్డడు అన్నది."

మొగిలి ఫోను వైపు చూశాడు. "తాగే ఇల్లయితే వద్దనుకున్నదా?"

"ఆఁ. అట్లనే అన్నది."

అతను నవ్వడం మొదలుపెట్టాడు. కండ్ల నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఎన్ని అంగీలు ఖరాబు జేసుకుంటి," అన్నాడు.

కొత్తగూడలో గల్లీ మొదట్లో ఆటో ఆగింది. మొగిలి దిగాడు. కాలు తడబడింది. యశస్విని జబ్బ పట్టుకుంది. పాన్ డబ్బా దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఆటో అతను నవ్వాడు.

"ఏం పెద్దాయినా, ఎండలనే ఫుల్లు గొట్టినట్టున్నవ్?"

మొగిలి ఎప్పటిలాగే తల దించుకోబోయాడు. ఆగాడు. తల ఎత్తాడు.

"తాగలే కొడుకా," అన్నాడు, పాన్ డబ్బా దాకా వినపడేట్టు. "నాకు బీమారి. మా బిడ్డ దాని మీదనే చదువుతుంది."

కూతురి చెయ్యి పట్టుకొని, గల్లీ నడిమధ్యలో నుంచి, తూలుకుంటూ ఇంటికి నడిచాడు.