సూరి పేరు మీద

జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర పొద్దున్న ఏడింటికి కాంట్రాక్టు పనివాళ్ళ హాజరు తీసుకుంటారు. అనిల్‌కుమార్ రెండేళ్ళుగా అక్కడే పని చేస్తున్నాడు. తన పేరు పిలవగానే మాత్రం పలకడు. ఒక్క క్షణం ఆగి, చెవులు రిక్కించి విని, అప్పుడు 'హాజిర్' అంటాడు. సూపర్‌వైజరు రోజూ విసుక్కుంటాడు. తోటివాళ్ళు పాపం చెవుడనుకుంటారు. చెవుడు కాదు, భయం. ఆ భయానికి ఈ డిసెంబరుతో ఆరేళ్ళు నిండాయి.

అది 1993. అనిల్ అప్పుడు ఉక్కు ప్లాంటు క్వార్టర్లలో, సెక్టర్ 6 స్కూల్లో తొమ్మిదో తరగతి. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడంటే ఉన్నాడు. బంతులు మోయడం, హాఫ్‌టైములో నిమ్మకాయ ముక్కలు పంచడం వాడి పని. ఏడో నెంబరు జెర్సీ అప్పలసూరిది. సూరి కుడివైపు నుంచి పరుగందుకుంటే పట్టుకోవడం ఎవడి తరమూ కాదు. బూటు లేసు అరికాలి కింద నుంచి రెండు చుట్లు చుట్టి, పక్కకి ముడి వేసేవాడు. ఆట అయ్యాక ఆ ముడి విప్పకుండానే బూట్లు లాగి పడేసి, అందరి టిఫిన్ డబ్బాల మీదా పడేవాడు. వాడికి ఎప్పుడూ ఆకలే.

నవంబరులో సూరికి పచ్చకామెర్లు వచ్చాయి. పత్యమని ఇంట్లో అన్నం సరిగా పెట్టలేదు. అన్నం అన్నం అని అడుగుతూనే పోయాడట.

అనిల్ ఏడ్చాడు. కానీ ఏడుపుకంటే ముందు ఇంకో మాట మనసులోకి వచ్చింది... ఏడో నెంబరు ఖాళీ అయింది. ఆ సిగ్గు వాణ్ణి ఈ రోజుకీ వదల్లేదు.

ఫైనల్‌కి జట్టులో మిగిలింది పదిమందే. టోర్నమెంటు జాబితాలో అనిల్ పేరు లేదు, కొత్త పేరు చేర్చరు. ఆటల మాస్టారు శ్యామసుందర్ గారు వాణ్ణి పక్కకి పిలిచారు.

"సూరి పేరు మీద ఆడీరా. రెఫరీ పిలిస్తే పలుకు, అంతే. ఒరే, మీరంతా కూడా ఈణ్ణి సూరీ అనే పిలవండి. అనుమానం రాకూడదు."

సూరి తల్లి కన్నమ్మ కొడుకు బూట్లు తెచ్చి ఇచ్చింది. "ఏసుకో నాయనా. ఆడు ఆడినట్టే ఉంటాది నాకు," అని మైదానం గట్టు మీద కూర్చుంది. అనిల్ తన కాన్వాసు బూట్లు సంచీ పక్కన పెట్టి, ఆ బూట్లు తొడుక్కున్నాడు.

రెఫరీ పేర్లు చదివాడు.

"అప్పలసూరి!"

"హాజిర్ సర్," అన్నాడు అనిల్.

చెవి వెనకాలే ఇంకో గొంతు. మెల్లగా, బొంగురుగా... "హాజిర్ సర్."

గిరుక్కున తిరిగాడు. ఎవరూ లేరు. గట్టు మీద కన్నమ్మ మాత్రం లేచి నిలబడింది.

ఆటంతా "సూరీ, ఇధర్ దే!" అని, బంతి ఇటిమ్మని అరుపులే. మొదట్లో ఒళ్ళు జలదరించింది. తర్వాత అలవాటైపోయింది. ఆఖర్న గట్టు మీంచి ఎవరో "అనిల్!" అంటే వాడు తల కూడా తిప్పలేదు. చీకటి పడుతుండగా ప్లాంటు వైపు కొలిమిలోంచి తీసిన నిప్పులాంటి స్లాగు పారబోశారు, ఆకాశం ఎర్రబడింది. ఆ వెలుగులోనే గోలు పడింది. ఏడో నెంబరే కొట్టాడని అందరూ వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. తన కాలికి బంతి తగిలినట్టు అనిల్‌కి గుర్తే లేదు.

తిరిగి వస్తే సంచీ ఉంది. కాన్వాసు బూట్లు లేవు. ఎవడో అల్లరికి దాచి ఉంటాడనుకుని, సూరి బూట్లతోనే ఇంటికి బయల్దేరాడు.

క్వార్టర్ల మధ్య కుంపట్ల పొగ నేలబారుగా పరుచుకుంది. చలి. మసిబొగ్గు వాసన. వీధిలో తన బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తండ్రి సెకండ్ షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది.

గడప పక్కన కాన్వాసు బూట్లు ఉన్నాయి. తనవే. లేసులు అరికాలి కింద రెండు చుట్లు... పక్కకి ముడి.

తలుపు గడియ వేసి ఉంది.

"అమ్మా..."

"ఎవులది?" తల్లి గౌరీదేవి గొంతు.

"నేనమ్మా. అనిల్‌ని."

లోపల గాజుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"మా అనిల్ ఇందాకే ఒచ్చీసినాడు." ఆమె గడియ తియ్యలేదు. "అన్నం తినీసి పడుకున్నాడు. నువ్వెవులు?"

కిటికీ సందులోంచి చూశాడు. తన మంచం. తన రగ్గు. నిండా కప్పుకుని ఎవరో. రగ్గు లేస్తోంది... పడుతోంది...

వాడికి ఏడుపు తన్నుకొచ్చింది. "అమ్మా, నేనే! సచ్చిపోయినోడి పేరు మీద ఆడొద్దురా అని పొద్దున్న నా చెయ్యి పట్టుకున్నావు కదా. ఇదిలించుకుని ఎలిపోనాను కదా!"

గడియ తీసింది. కొడుకుని చూసింది. వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. మంచం ఖాళీ. పరుపు మనిషంత మేర నొక్కుకుపోయి ఉంది. తాకితే మంచులా ఉంది.

వంటింట్లో అన్నం గిన్నె అడుగంటా ఖాళీ.

"ఎంత ఎట్టినా ఇంకా ఎయ్యమన్నాడురా," అంది తల్లి గుసగుసగా. "మరి నాను ఎట్టింది ఎవులికిరా?"

మర్నాడే బూట్లు కన్నమ్మకి ఇచ్చేశాడు. మళ్ళీ బంతి తన్నలేదు. ఎవరు పిలిచినా ఒక్క క్షణం ఆగడం మాత్రం అలవాటైంది.

మొన్న పొద్దున్న గేటు దగ్గర దట్టమైన పొగమంచు. ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా ఆనడం లేదు.

"అనిల్‌కుమార్!"

ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగాడు.

వరస చివరి నుంచి... మెల్లగా, బొంగురుగా...

"హాజిర్ సర్."

సూపర్‌వైజరు టిక్కు పెట్టి తర్వాతి పేరు పిలిచాడు. అనిల్ నోరు తెరిచాడు, మాట రాలేదు. పలికినవాళ్ళంతా లోపలికి వెళ్ళిపోయారు. గేటు మూసేశారు.

బయట అతనొక్కడే మిగిలాడు. కాళ్ళీడ్చుకుంటూ తన సైకిలు దగ్గరికి వచ్చాడు. అమ్మ పొద్దున్నే సర్ది ఇచ్చిన క్యారేజీ హ్యాండిల్‌కి వేలాడుతోంది. గాలి లేదు. అయినా ఊగుతోంది.

మూత తీశాడు. లోపల ఒక్క మెతుకు లేదు.