చెయ్యి పెట్టి చూసిన బండి

పీణ్య పారిశ్రామికవాడలో పాత బండి కొనాలనుకున్నవాళ్లు చాలామంది ముందు ఓబులేసు లేతు షాపు దగ్గర ఆగుతారు. ఆయన వెంట వస్తే బేరం సగం కుదిరినట్టే. కదిరి పక్క పల్లె నుంచి వచ్చి, ఇక్కడే తల నెరిసిన మనిషి. ఆయన పద్ధతే వేరు. బండి రంగు చూడడు, మీటరు చూడడు. కళ్లు మూసుకుని బండి కిందికి చెయ్యి పోనిస్తాడు. ఎక్కడ వెల్డింగు పడింది, ఎక్కడ తుప్పు మీద రంగు పూశారు, ఎక్కడ ఆయిలు చెమ్మ ఊరుతోంది, అన్నీ ఆ చేతికి తెలిసిపోతాయి. ఆ చేతి బొటనవేలి గోరు సగమే ఉంటుంది. మిగతా సగం ఎప్పుడో లేతు మిషను తినేసింది. నలుగురూ చుట్టూ చేరి చూస్తుండగా అలా కళ్లు మూసుకోవడమంటే ఓబులేసుకు మహా ఇష్టం. లోపల ఎంత పొంగిపోతాడో మొహంలో కనపడనివ్వడు గానీ, అందరికీ తెలుసు.

కాబట్టి కూతురు మేఘన ఫోను చేసి, "నాన్నా, ఒక సెకండ్ హ్యాండ్ స్నోమొబైల్ చూడాలి. నువ్వు ఓకే అంటేనే కొంటాను" అన్నప్పుడు, "ఓస్, అదెంతలే పాపా" అనేశాడు. అది ఎట్లా ఉంటుందో కూడా ఆయనకు తెలీదు. మంచుగడ్డను ఫ్రిజ్జులో తప్ప ఎక్కడా చూసినవాడు కాదు.

మేఘన కంప్యూటరు ఉద్యోగం మానేసి, సర్జాపుర రోడ్డులో పిల్లలు మంచులో ఆడుకునే హాలు ఒకటి పెడుతోంది. లోపల యంత్రాలతో చేసిన మంచు, జారుడుబల్లలు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని తానే మంచు బండి మీద తిప్పితే జనం ఎగబడతారని ఆమె ఆశ. కొత్తది కొనే స్తోమత లేదు. యలహంక అవతల మూతపడిన అలాంటి హాల్లోనే పాతది ఒకటి ఉందని తెలిసింది.

చూడ్డానికి వెళ్లేలోపల ఓబులేసు షాపు షట్టరు సగం దించుకుని, ఎవరి కంటా పడకుండా ఫోనులో వీడియోలు చూశాడు. బండికి చక్రాలుండవట. ముందు మంచు మీద జారే రెండు స్కీలు, వెనక దొర్లే రబ్బరు పట్టా. తెలీదని కూతురితో ఒక్క మాట అంటే పోయేది. కానీ ఆ మాట నోట రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. హాలు గేటు పక్కన తెల్ల ఎలుగుబంటి బొమ్మ రంగు వెలిసి, ముక్కు విరిగి నిలబడి ఉంది. మునినారాయణప్ప ఎదురొచ్చాడు. హాలుకు కాపలాదారు. మూసేశాక సామాను అమ్మిపెట్టే పని కూడా యజమాని ఆయనకే అప్పగించాడు.

"రాండప్పా, రాండి. నిన్నటి నుంచి కూలింగ్ వేసే పెట్టినాను. మంచు లేకుండా తిప్పితే పట్టా కాలిపోతాది గదా" అన్నాడు. రెండు దొడ్డు కోట్లు అందించాడు. "ఫోన్లు ఈడే పెట్టండి. ఆ చలికి సచ్చిపోతాయి."

"మీరు రారా అంకుల్?" అంది మేఘన.

"నేను లోపలికి రానమ్మా. మోకాళ్లు." అన్నాడు గానీ, గేటు దగ్గర్నుంచి వచ్చేటప్పుడు ఆయన నడకలో కుంటేమీ కనపడలేదు.

కోల్డ్ స్టోరేజీకి ఉండేలాంటి మందపాటి తలుపు. వాళ్లు లోపలికి అడుగుపెట్టగానే వెనక తనంతట తనే మూసుకుంది. కిటికీ అన్నది లేదు. బయట ఎండ ఉందో, అర్ధరాత్రయిందో లోపలున్నవాళ్లకు తెలిసే దారి లేదు. రెండే ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. తడిసిన ఉన్ని వాసన, దాని వెనక రబ్బరు వాసన. ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు. ఇంత చలిలో నీరు కారడమేమిటని ఓబులేసుకు ఒక క్షణం అనిపించింది, తర్వాత మరిచిపోయాడు.

బండి హాలు మధ్యలో ఉంది. ఎర్రటి రంగు, నల్ల సీటు.

ఓబులేసు పనిలో దిగాడు. హ్యాండిల్ ఊపి చూశాడు. స్కీల కింద ఇనుప పట్టీలు ఎంత అరిగాయో వేలితో గీసి చూశాడు. రబ్బరు పట్టా పళ్లు తెగలేదు. ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. అమ్మేవాళ్లు ముందే వేడి చేసిపెడితే స్టార్టింగు రోగం బయటపడదు మరి. చల్లగానే ఉంది. తాడు పట్టి లాగాడు. బండి కాసేపు మొరాయించి, దగ్గి, అంటుకుంది. పొగ కూడా పలచగానే వచ్చింది. హాలంతా ఒకసారి తిప్పి తెచ్చి ఆపాడు.

"సూపర్ నాన్నా!" అంది మేఘన.

"ఉండు. అసలుది కింద ఉండాది" అన్నాడు.

సీటు కింద, పట్టా తిరిగే చోట పొడుగాటి గూడులాంటి ఖాళీ ఉంటుంది. దాన్లో చిన్న చక్రాలు. వాటి బేరింగులు వదులైతే ఆ బండి పనికిరాదని వీడియోలో చెప్పారు. ఓబులేసు మంచు మీద పక్కకు ఒరిగి పడుకుని, కోటు అంచు పైకి మడిచి, చెయ్యి లోపలికి పోనిచ్చాడు. కూతురు చూస్తోందని ఓరకంట చూసుకుని, అప్పుడు కళ్లు మూసుకున్నాడు.

రబ్బరు. ఇనుప కడ్డీ. చక్రం, ఊగటం లేదు. ఇంకో చక్రం. ఇంకాస్త లోపలికి... మళ్లీ కడ్డీ...

తర్వాత తగిలింది లోహం కాదు.

మెత్తగా ఉంది. చల్లగా ఉంది. వేళ్లు.

ఓబులేసు కదల్లేకపోయాడు. ఆ వేళ్లు ఆయన్ని పట్టుకోలేదు, లాగలేదు. తడుముతున్నాయి. తీరిగ్గా, ఓపిగ్గా, కణుపు కణుపునా ఆగి చూస్తున్నాయి. అరచేతిలో కాయలు కాచిన చోట నొక్కి చూశాయి. మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చ చుట్టూ తిరిగాయి. బొటనవేలి దాకా వచ్చి, సగం గోరు దగ్గర ఆగిపోయి... మళ్లీ మళ్లీ అక్కడే రాశాయి. ఇన్నేళ్లుగా తాను బండ్లను ఎట్లా చూస్తాడో, అది తనను అట్లాగే చూస్తోంది.

అప్పుడే కరెంటు పోయింది.

చీకటి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి.

తర్వాత జరిగినదాన్ని తలుచుకుంటే ఓబులేసుకు ఈనాటికీ ఒళ్లు చచ్చిపోతుంది, భయంతో కాదు, సిగ్గుతో. చెయ్యి లాక్కున్నాడు. లేచాడు. పరిగెత్తాడు. మంచు మీద జారి పడ్డాడు, పాకాడు, తలుపుకు గుద్దుకున్నాడు. లోపలి గుబ్బను తోసి బయటపడ్డాడు. తలుపు వెనక మూసుకుపోయింది.

మేఘన లోపలే ఉంది.

"నాన్నా..." తలుపు అవతల నుంచి సన్నగా వినపడింది. "నాన్నా, ఎక్కడున్నావ్? ఏమీ కనపడట్లేదు..."

పిడి ఆయన కళ్ల ముందే ఉంది. లాగితే వచ్చేస్తుంది, ఆయనకు తెలుసు. చెయ్యి లేవలేదు. తలుపు తెరిస్తే ఆ చీకట్లోంచి ముందుగా ఏం వస్తుందోనని...

"నాన్నా..."

ఆ తర్వాత పిలుపు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అని వణికిపోయాడు. అయినా పిడి ముట్టుకోలేదు.

వసారాలో లైటు వెలిగింది. మెయిను స్విచ్చు దగ్గర్నుంచి మునినారాయణప్ప చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. అప్పుడు పట్టుకున్నాడు ఓబులేసు, రెండు చేతులా పిడిని. తలుపు ఇరుక్కుపోయినట్టు, తాను ఎంతసేపటి నుంచో గుంజుతున్నట్టు, పళ్లు బిగించి నటించాడు. బిడ్డ లోపల ఉండగా ఆ మనిషి అంత పని చేశాడు.

మునినారాయణప్ప ఒక్క చేత్తో లాగాడు. తలుపు వచ్చేసింది.

మేఘన నవ్వుతూ నడిచి వచ్చింది. చలికి బుగ్గలు ఎర్రబడ్డాయి. "మొదట చచ్చేంత భయమేసింది నాన్నా. నీ చెయ్యి దొరికాక నార్మల్ అయిపోయా" అంది. "చీకట్లో ఆ సగం గోరు తగిలిందా, హమ్మయ్య అనుకున్నా. నువ్వు వదిలి తలుపు తీయడానికి వెళ్లేదాకా కామ్‌గా కూర్చున్నా. కానీ ఎంత చల్లబడిపోయావ్!"

ఓబులేసు నోరు తెరిచాడు. "ఊఁ" అన్నాడు, అంతే.

కోటు విప్పి, ఫోను తీసుకుని, ఆమె కారు తేవడానికి వెళ్లింది. మునినారాయణప్ప ఆమెను చూడలేదు. ఆయన చూపంతా ఓబులేసు కుడిచేతి మీదే ఉంది.

"కింద చెయ్యి పెట్టినావా?" అన్నాడు గొంతు తగ్గించి.

ఓబులేసు తలూపాడు.

"పెట్టినాక... వదిలేసి వచ్చేసినావు."

ఓబులేసు తల దించుకున్నాడు. మునినారాయణప్ప కూడా నేల చూపులే చూస్తూ చెప్పాడు.

"నా మనవరాలు ఉండాది అప్పా. ఒక పొద్దు నేనూ దాన్ని లోపలే వదిలేసి అట్లే వచ్చేసినాను. ఎవురికీ చెప్పలేదు."

"ఇప్పుడెట్లుండాది?"

"బాగానే ఉండాది. సుమ్నే, ఊరికినే చలి కావాలంటాది. వానాకాలంలో కూడా ఫ్యాను కింద దుప్పటి లేకుండా పండుకుంటాది." ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు. "చెయ్యి మాత్రం పట్టుకోనీదప్పా. నేను పట్టుకుంటే విడిపించుకుంటాది. ఇది కాదు, అంటాది."

బయట కారు హారను మోగింది.

కారు మెయిను రోడ్డెక్కింది. "ఏమంటావ్ నాన్నా? ఓకేనా?" అని మేఘన అడిగింది.

"వద్దులే పాపా. పట్టా... అరిగిపోయినట్టుండాది."

"లోపల బాగుందన్నట్టు మొహం పెట్టావు కదా? అరిగితే మార్పిద్దాం." ఆయన మొహంలోకి చూసి కిలకిలా నవ్వింది. "నిజం చెప్పు. కరెంటు పోయిందని భయపడ్డావు కదూ?"

ఆ నవ్వు సూటిగా తగిలింది. అవును, భయపడ్డాను, నిన్ను వదిలేసి పారిపోయాను, నువ్వు పట్టుకున్నది నా చెయ్యి కాదు. ఇంతే చెప్పాల్సింది. చెబితే బిడ్డ ఇంక ఆ బండి జోలికి పోదు. చెబితే, ఇంక జన్మలో తనను ఇట్లా చూడదు కూడా.

"నాకు భయమా?" అన్నాడు ఓబులేసు. "బండికేం, బ్రహ్మాండంగా ఉండాది. తీసుకో."

బండి సర్జాపురకు వచ్చేసింది. ఓబులేసు చేతికి ఆ రోజు పట్టిన వణుకు మాత్రం పోలేదు. లేతు మీద పెట్టిన ప్రతి పనీ వంకర పోతోంది. పాత బండి చూడమని ఎవరైనా వస్తే ఒంట్లో బాగాలేదని పంపేస్తున్నాడు. మేఘన పగలంతా మంచు హాల్లోనే ఉంటోంది. ఒక రాత్రి భార్య చెన్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "పాప ఏసీ పెట్టుకుని దుప్పటి కూడా కప్పుకోకుండా పండుకుంటాంది. ముట్టుకుంటే ఒళ్లు చన్నీళ్లు. ఏమైందంటావ్?" అంది. ఓబులేసు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. పరువు పోతే పోనీ. మొహాన ఉమ్మేస్తే ఉమ్మేయనీ. చెప్పేయాలి.

హాలు తెరిచే రోజు పొద్దున పూజ. బండి హ్యాండిల్‌కు పూలదండ వేశారు. చక్రాలు లేవు కాబట్టి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో పూజారికి కాసేపు తెలీలేదు, చివరికి స్కీల కింద పెట్టారు. అందరూ నవ్వారు. మేఘన బండెక్కి కూర్చుంది. చుట్టాలు చలికి ముడుచుకుపోతుంటే ఆమె ఒంటి మీద పలచటి చీర తప్ప ఏమీ లేదు.

ఓబులేసు జనాన్ని తోసుకుంటూ ఆమె పక్కకు వెళ్లాడు.

"పాపా. ఒక మాట చెప్పాల నీకు. ఆ పొద్దు చీకట్లో..." ఆమె వైపు ఇంకాస్త వంగాడు. "ఆ పొద్దు నిన్ను పట్టుకుంది నేను కాదమ్మా. నేను నిన్ను వదిలేసి పారిపోయినాను. దిగు. ఈ బండి వద్దు మనకు. దిగు తల్లీ."

చెప్పేశాడు. ఏడుపు ఆపుకుంటూ ఆమె కుడిచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

మేఘన కోప్పడలేదు. ఆశ్చర్యపోలేదు. తన చేతిని పట్టుకున్న ఆ చేతిని కాసేపు చూసింది. బొటనవేలిని తడిమింది. సగం గోరు దగ్గర ఆగింది. తర్వాత ఒక్కొక్క వేలూ విడదీసి, నెమ్మదిగా విడిపించుకుంది.

"ఇది కాదు" అంది మెల్లగా. "మా నాన్న చెయ్యి ఇట్లా వణకదు."

ఆమె ఎడమచెయ్యి సీటు కిందికి, పట్టా చీకట్లోకి వేలాడుతోంది. పిడికిలి గట్టిగా మూసి ఉంది. దేన్నో పట్టుకున్నట్టు. ఎవరో పట్టుకుని లాలనగా ఊపుతున్నట్టు, అది మెల్లగా... ముందుకూ వెనక్కూ... ఊగుతోంది.