ముసునూరు తోటలో గ్రామర్ క్యాంప్

"కామా ఎక్కడ పెట్టాలో తెలుసా నీకు?" అని అడిగాడు చీఫ్ ప్రభాకరరావు.

ఏజెంట్ జగదాంబకి చిర్రెత్తుకొచ్చింది. సెలవులో ఉన్న మనిషిని హనుమాన్ జంక్షన్‌లో మూతపడ్డ కోల్డ్ స్టోరేజీకి పిలిపించి అడిగే ప్రశ్నా ఇది?

"తెలుసండీ. తుపాకీ ఎక్కడ పెట్టాలో కూడా తెలుసు. ఎవరికి పెట్టాలో చెప్పండి."

చీఫ్ నవ్వలేదు. టేబుల్ మీదున్న రికార్డర్ నొక్కాడు. ఓ కుర్రాడి గొంతు వినిపించింది, ఊపిరాడనట్టుగా.

"అమ్మా, తరుణ్‌ని. ఇక్కడ ఉద్యోగం లేదు, పాడూ లేదు. చుట్టూ కంచె, తుపాకులు. పొద్దస్తమానం దొంగ మెసేజులు రాయిస్తున్నారు. చెల్లిని మాత్రం పంపొద్దమ్మా..."

దెబ్బ చప్పుడు. లైను తెగిపోయింది.

"బాపులపాడు కుర్రాడు. ఈ కాల్ వాళ్ళింటికి చేరలేదు, మధ్యలో మన చేతికి చిక్కింది," అన్నాడు చీఫ్. "ఆ చెల్లెలు వైష్ణవి ఇప్పటికే క్యాంపులో ఉంది."

"ఏం క్యాంపు?"

"గ్రామర్ క్యాంపు. తరుణ్‌ని పట్టుకెళ్ళిన ముఠా ఇన్నాళ్ళూ పంపే దొంగ బ్యాంకు మెసేజుల్లో ఇంగ్లిష్ తప్పుల తడకగా ఉండేది. జనం అది చూసి జాగ్రత్తపడేవాళ్ళు. అందుకని ఇప్పుడు తప్పుల్లేకుండా రాసే పిల్లలు కావాలి వాళ్ళకి. ముసునూరు దగ్గర మామిడి తోట గుత్తకి తీసుకుని ఉచితంగా నేర్పిస్తున్నారు. బాగా నేర్చుకున్నవాళ్ళకి ఫారిన్ ఉద్యోగమట. అంటే తరుణ్ పక్క కుర్చీ."

"ఇవాళే రెయిడ్ చేసి పారేద్దాం."

"తరుణ్‌ని ఏ దేశంలో ఎక్కడ దాచారో ఆ క్యాంపు డైరెక్టర్ మనోజ్ ఫోన్లోనే ఉంది. పోలీసు వాసన తగిలితే ఒక్క నొక్కుతో తుడిచేస్తాడు. ఫోన్ చేజిక్కాలి, పిల్లలు దక్కాలి. విషయం పొక్కకూడదు కాబట్టి నాకిచ్చింది ఒక్క జీపు మనుషుల్నే. లోపల ఢిల్లీవాళ్ళ మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ చెప్పలేదు."

జగదాంబ లేచింది. తరుణ్ గొంతు చెవిలోంచి పోవడం లేదు.

* * *

చెంపల దగ్గర తెల్లరంగు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, గంజిపెట్టిన నేతచీర. చెవిదుద్దులో ట్రాన్స్‌మిటర్, మార్కర్ పెన్నులో కెమెరా. ఇంగ్లిష్ టీచర్ 'సంహిత మేడం' తోటలో అడుగుపెట్టింది. గేటు దాటగానే గార్డులు సెల్ లాక్కున్నారు. షెడ్డు మీద సిగ్నళ్ళని ఆపేసే జామర్ బిగించారు. దుద్దు మూగబోయింది. ప్రభుత్వం వారి సామాను, ఎప్పుడు పనిచేసి ఏడ్చింది గనక!

మామిడికాయలు సర్దే రేకుల షెడ్డే క్లాసురూము. వాక్యం పెద్దక్షరంతో మొదలవ్వాలని, ఒక వాక్యానికి ఒకటే ఫుల్‌స్టాపని, రెండు పూర్తి వాక్యాల్ని ఉత్త కామాతో అతికించకూడదని ఆమె చెబుతుంటే పిల్లలు కళ్ళార్పకుండా వినేవాళ్ళు. ఎన్నేళ్ళుగానో ఇంటర్వ్యూల్లో నవ్వులపాలైన పిల్లలు. ఇంగ్లిష్ ముక్క సరిగ్గా వస్తే చాలు, బతుకు ఒడ్డున పడుతుందని నమ్మి వచ్చినవాళ్ళు. వాళ్ళలో వైష్ణవి అందరికంటే ముందు. ఒక్కసారి చెబితే ఆ రూలు మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఎక్సర్‌సైజులు మాత్రం మనోజే ఇచ్చేవాడు. 'మీ అమ్మ ఆసుపత్రిలో ఉంది, డాక్టరు డబ్బు కోసం ఎదురుచూస్తున్నాడు.' దీనికి ఇంగ్లిష్‌లో కామా ఎక్కడ? 'మీ ఖాతా ఈ సాయంత్రం మూసివేయబడుతుంది.' ఇందులో క్రియ సరిగ్గా ఉందా? ఏ ముసలావిడ కొంప ముంచడానికో ఈ కామా! జగదాంబకి అరికాలి మంట నెత్తికెక్కేది. తప్పు చెబుదామంటే వెనక బెంచీలో మనోజ్ కూర్చుని వింటున్నాడు. బాగా చెప్పినకొద్దీ వాడి కత్తికి తనే పదును పెడుతోంది. ఆ కోపం వాడి మీదే కాదు, చీఫ్ మీద, తన మీద కూడా.

ఓ మధ్యాహ్నం వైష్ణవి తలెత్తి, "మేడం, మంచినీళ్ళు," అంది తెలుగులో.

"ఓన్లీ ఇంగ్లిష్!" మనోజ్ అరిచాడు. ఆ పిల్లని బయటికి లాక్కెళ్ళి మే నెల ఎండలో కంకర మీద మోకాళ్ళేయించాడు. "నో ఇంగ్లిష్, నో వాటర్!"

జగదాంబ చేతిలో మార్కర్ పెన్ను విరిగింది, కెమెరాతో సహా.

అప్పుడు ప్రియాంక వచ్చింది. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, ఆమడ దూరం కొట్టే సెంటు. తోట గుత్తా, బేరాలూ, మనోజూ అన్నీ ఆవిడ గుప్పిట్లోనే ఉంటాయని గార్డులు చెప్పుకునేవాళ్ళు. నవ్వుతూ, "అలా మాడ్చకండి సర్. మొహం కమిలిపోతే పాస్‌పోర్టు ఫొటోతో పోలిక కుదరదు," అంది.

మనోజ్ పిల్లని లేపాడు. ఆడపిల్లని సరుకు కింద లెక్కగట్టిన ఆ నోరు చూసి జగదాంబ పళ్ళు కొరుక్కుంది. నీ పని కూడా చెబుతానుండవే అనుకుంది.

* * *

రెండ్రోజుల తర్వాత పిల్లల్ని ఉన్నపళంగా బయల్దేరమన్నారు. షెడ్డు ముందు వరసగా మూడు లారీలు. మూడింటికీ మూడు దారులు: ఏలూరు, విజయవాడ, హనుమాన్ జంక్షన్. పిల్లల్ని మూడో లారీలో కూర్చోబెట్టి, చుట్టూ మామిడికాయల ట్రేలు గోడలా పేర్చేశారు. జగదాంబ కళ్ళారా చూసింది. ఏం లాభం? చీఫ్ దగ్గరున్నది ఒక్క జీపు. ఏ లారీనో చెప్పే దారి లేదు. తప్పు లారీని ఆపితే తరుణూ పోతాడు, వైష్ణవీ పోతుంది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గోల. మాసిన పంచె, భుజాన ఎర్ర కండువా, నోట్లో చుట్ట. "ఏంటయ్యా ఆపుతారు? రసాలు బేరం చెయ్యడానికొచ్చాను!" అంటున్నాడో వ్యాపారి. ఆ గొంతు జగదాంబ ఇట్టే గుర్తుపట్టింది. చీఫ్! దుద్దు మూగబోయేసరికి తనే దిగాడన్నమాట.

"త్రో హిమ్ అవుట్," అన్నాడు మనోజ్.

"సీజన్లో కొనేవాణ్ణి గేట్లోంచి తరిమితే సాయంత్రానికి నూజివీడంతా చెప్పుకుంటారు సర్," అంది ప్రియాంక. తర్వాత జగదాంబ వైపు తిరిగింది. "మీది జి. కొండూరు షావుకార్ల ఇల్లే కదా మేడం గారూ? బేరం మీరు చెయ్యండి. నా గోళ్ళరంగు పోతుంది."

జగదాంబ నివ్వెరపోయింది. తన ఇంటి సంగతి ఈవిడకెలా తెలుసు?

"ఓన్లీ ఇంగ్లిష్," మనోజ్ హెచ్చరించాడు. "ప్రతి మాటా నాకు వినపడాలి."

చీఫ్ కండువా తీసి చెయ్యి చాపి దాని మీద కప్పాడు. జగదాంబ ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టింది.

"వాట్ నాన్సెన్స్ ఈజ్ దిస్?"

"పాత షావుకార్ల పద్ధతి సర్. ధర నలుగురిలో పైకి అనరు, వేళ్ళు పట్టుకునే చెప్పుకుంటారు," అంది ప్రియాంక తాపీగా.

నాన్న పక్కన కూర్చుని చిన్నప్పుడే నేర్చుకున్న విద్య. జగదాంబ చీఫ్ వేళ్ళు మూడు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఇన్నాళ్ళ కోపమంతా కలిపి నొక్కింది. చీఫ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కళ్ళు వరసలో చివరి లారీ మీదికి వెళ్ళాయి. తిరిగి ఆమె వేళ్ళు మూడు పట్టుకున్నాడు.

"గిట్టదమ్మా!" అని కండువా విదిలించి విసవిసా వెళ్ళిపోయాడు.

"హౌ మచ్?" అడిగాడు మనోజ్.

"థర్టీ థౌజండ్ ఎ టన్, సర్," అంది టీచరమ్మ.

లారీలు కదిలాయి. కాసేపటికి గార్డు వాకీటాకీ గరగరలాడింది. "సార్! మూడో బండిని ఆపేశారు! పిల్లల్ని దింపేస్తున్నారు!"

మనోజ్ మొహం పాలిపోయింది. జేబులోంచి ఫోన్ తీశాడు. స్క్రీన్ వెలిగింది. బొటనవేలు ఎర్ర గుర్తు మీదికి వెళుతోంది.

జగదాంబ పక్క ట్రేలోంచి అప్పుడే కోసిన పచ్చికాయ అందుకుంది. వాడి మొహం దగ్గర పెట్టి తొడిమ పుటుక్కున విరిచింది. సొన చిమ్మి రెండు కళ్ళలోనూ పడింది. చర్మం మీద పడితేనే బొబ్బలెక్కే సొన!

"అమ్మో! నా కళ్ళు! నీళ్ళు, నీళ్ళు పొయ్యండి!"

"ఓన్లీ ఇంగ్లిష్," అంది జగదాంబ.

జారిన ఫోన్ పట్టుచీర కొంగులో పడింది. ప్రియాంక రెండో చేతిలో పిస్తోలు గార్డుల వైపు చూస్తోంది. "ఢిల్లీ," అంది ముక్తసరిగా. "ఈ సెంటు కొట్టుకోలేక చస్తున్నాను. ఇంత ఆలస్యమా మీవాళ్ళు?"

"ఆ పిల్లని సరుకు కింద లెక్కగట్టావు."

"లేకపోతే ఎండలోంచి లేపేవాడా?"

జగదాంబ బిందెడు నీళ్ళు తెచ్చి మనోజ్ మొహాన గుమ్మరించింది. జాలితో కాదు, కేసుకి వాడి కళ్ళు కావాలి.

* * *

ఫోన్లో తరుణ్ ఉన్న చోటు దొరికింది. వారం తిరక్కుండా ఆ దేశపు సైన్యం కంచె తెంపి వాణ్ణి విడిపించింది. అదే షెడ్డులో, చీఫ్ సెల్లులో తరుణ్ గొంతు వినపడగానే వైష్ణవి, "వెధవా, అమ్మ తిండి మానేసిందిరా," అని తిట్టి, కింద కూర్చుని భోరున ఏడ్చింది.

ఏడుపు ఆగాక జగదాంబ దగ్గరికొచ్చి నిలబడింది. వెనకే మిగతా పిల్లలు.

"మా చేత రాయించినవన్నీ దొంగ ఉత్తరాలంట కదా. మరి మీరు చెప్పిన రూల్సు? అవీ దొంగవేనా?"

"కాదమ్మా. అవి నిజమైనవే."

"అయితే మిగతావి ఎప్పుడు చెప్తారు? వీళ్ళెవరూ ఇళ్ళకి వెళ్ళలేదు మేడం, మీకోసమే ఆగారు."

బయట జీపు హారన్ మోగింది. "పద జగదాంబా, ఢిల్లీ ఫ్లైటుకి టైమైపోతోంది. మినిస్టర్ గారు కాసుకుని కూర్చున్నారు," కేకేశాడు చీఫ్.

జగదాంబ కొత్త మార్కర్ మూత తీసింది.

"కూర్చోమనండి సార్! వీళ్ళకింకా ఆర్టికల్స్ అవ్వలేదు!"