కొసరు పాట

ఆదివారం మధ్యాహ్నం. బెంగళూరు నుంచి వచ్చిన పదిమంది జాహ్నవి వాళ్ల ఇంట్లో రాగిసంగటి తిని, అరుగు మీద కూర్చున్నారు.

పుంగనూరు దగ్గరి ఆ ఊరికి ఇలా జనం రావడం ఈ ఏడాదే మొదలైంది. వీరుల బొమ్మలు చెక్కిన పాత వీరగల్లులు చూస్తారు, పొట్టి ఆవులను చూస్తారు, ఎవరో ఒకరి ఇంట్లో డబ్బిచ్చి భోంచేస్తారు. వాళ్లను తీసుకొచ్చేది ఆ ఊరి కుమార్. వచ్చినవాళ్లకు అన్నిటికంటే నచ్చేది జాహ్నవి అవ్వ వెంకటమ్మ పాట. నాట్ల పాట, విసుర్రాయి పాట, పాలు పితికే పాట.

ఆ రోజు పాడేవన్నీ పాడి, అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన, ఎక్కడా వినని పాట ఇంకొకటి ఉందా అని అడిగాడు.

జాహ్నవి సంతలో పెరిగిన పిల్ల. వాళ్లమ్మ నీలిమ కూరగాయలు అమ్ముతుంది. వంకాయలు తూచాక గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తుంది. కొసరు వేసిన చేతిని గిరాకీ మరిచిపోదని అమ్మ మాట. పదేళ్లకే ఆ లెక్క జాహ్నవికి బాగా ఒంటబట్టింది.

"అవ్వా, తాత పోయినప్పుడు పాడితివే, ఆ పాట పాడు" అంది.

అమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. అప్పటికే ఫోన్లన్నీ అవ్వ వైపు తిరిగాయి.

ఆ పాటను ఆ ఊళ్లో శవం దగ్గర తప్ప పాడరు. పోయినవాళ్లు చేసిన మంచిని, పడిన కష్టాన్ని తలుచుకుంటూ ఆడవాళ్లు పాడతారు. శవం లేచాక అది ఆ ఇంట్లో మళ్లీ వినబడదు. ఈ సంగతి జాహ్నవికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

అవ్వ మనవరాలి మొహం చూసింది. అంతమందిలో పిల్ల చిన్నబోతుందనుకుందేమో, కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. బావి తవ్విన చేతులు, వానకోసం ఎదురుచూసిన కళ్లు. తాత పేరు దగ్గర గొంతు ఆగిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు.

మొదట్లో కొంచెం రికార్డు కాలేదనీ, ఇంకోసారి పాడమనీ కళ్లజోడాయన మర్యాదగానే అడిగాడు. అవ్వ లేచి లోపలికి వెళ్లిపోయింది.

బస్సు కదిలాక జాహ్నవి అవ్వ పక్కన చేరింది.

"యాల లేసొస్తివి అవ్వా? బాగా పాడితివి కదా."

"మీ తాతను మళ్లా సాగనంపితిని పాపా. ఈతూరి సప్పట్లు కొట్టిరి."

ఆ సాయంత్రం అవ్వ పాట లేకుండానే పాలు పితికింది. ఆవు మెడ తిప్పి తిప్పి చూసింది. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే.

జాహ్నవి ఏడుస్తూ అమ్మ దగ్గరికి పోయింది. అమ్మ తిట్టలేదు.

"కొసరు మన గంపలోంచి వేస్తాము. పక్కోళ్ల గంపలో చెయ్యి పెడతామా?"

మళ్లీ ఆదివారం వచ్చింది. కొత్త బస్సు దిగినవాళ్లు ఫోన్లో ఆ పాట విని వచ్చారట. అవ్వను పిలవమని కుమార్ జాహ్నవిని తొందరపెట్టాడు.

జాహ్నవి గడపకు అడ్డంగా నిలబడింది.

"ఆ పాట ఈడ పాడరు మామా."

"దాని కోసమే ఇంత దూరం వచ్చినారు పాపా. ఒక్కతూరి."

"అవ్వ ఇప్పుడు ఏ పాటా పాడడం ల్యాదు. నా వల్లే."

కుమార్ తల దించుకున్నాడు. జాహ్నవి తనకు వచ్చిన నాట్ల పాట తానే పాడింది. మధ్యలో చరణం మరిచిపోయింది. లోపలి నుంచి ఎవరూ అందించలేదు. వచ్చినవాళ్లు కాసేపు చూసి, వీరగల్లుల వైపు వెళ్లిపోయారు. ఆ రోజు బేరం వెలవెలబోయింది.

సాయంత్రం అవ్వ చెంబు తీసుకుని ఆవు దగ్గర కూర్చుంది. చెంబులో పాలధార చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పాడమని అడగాలని జాహ్నవికి గొంతుదాకా వచ్చింది. అడగలేదు. దూడను పట్టుకుని, పాలు పితకడం అయ్యేదాకా అవ్వ పక్కనే నిలబడింది.